అడిగినోళ్లకి కొట్టేయ్

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయన ప్రైవేటు కంపెనీలో పనిచేస్తారు, నేను ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. ఇద్దరు పిల్లలు. పెళ్లయినప్పటి నుంచి ఇంటి ఖర్చు నోట్‌బుక్‌లో రాసుకోవడం నాకు అలవాటు. ఈమధ్య ఆ పుస్తకం తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది. పాల ప్యాకెట్ మీద రేటు కంటే రూపాయి ఎక్కువ. గ్యాస్ తెచ్చే అబ్బాయికి యాభై. టిఫిన్ పార్సిల్‌కి పది. కార్డు గీకితే రెండు శాతం. రైలు టికెట్ బుక్ చేస్తే ఏదో ఫీజు. కరెంటు బిల్లులో వాడుకున్నదానికి కాక ఇంకో నాలుగు లైన్లు. పోయిన నెల పాప పుట్టినరోజుకి హోటల్‌కి వెళ్తే సర్వీస్ చార్జి అని వేశారు. ఇదేందని అడగబోతే మా ఆయన చెయ్యి గిల్లి, "ముప్పై రూపాయలకి పరువు తీస్తావా" అన్నారు. ఇంటికొచ్చేదాకా ఇద్దరికీ మాటల్లేవు. నేను నిజంగానే పిసినారినా? ఇవన్నీ కట్టాల్సినవేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ హోటల్ సంగతి చూద్దాం. మీరు ఉత్తరంతో పాటు పంపిన బిల్లు ఫోటోని ఫోన్లో పెద్దది చేసి చదివాను. పాతికేళ్లు హోల్‌సేల్ కిరాణా కొట్లో లెక్కలు రాసినవాణ్ణి. బిల్లు చేతికొస్తే అడుగు నుంచి పైకి చదవడం నాకు జబ్బులా పట్టుకుంది. మీరు తిన్నది 640. దానిమీద సర్వీస్ చార్జి 5 శాతం, అంటే 32. రెండూ కలిపి 672. ఈ 672 మీద జీఎస్టీ రెండున్నర శాతం, ఇంకో రెండున్నర శాతం, మొత్తం 33 రూపాయల 60 పైసలు. చిల్లర సర్ది 706 చేశారు. తిన్న 640కి పన్ను 32 కలిపితే మీరు కట్టాల్సింది 672 మాత్రమే. సర్వీస్ చార్జి ఒకటి వేయడమే కాక, దానిమీద కూడా పన్ను లాగారు. ఆ పన్ను రూపాయి అరవై పైసలే. కానీ లెక్కలు రాసినవాడికి ఆ రూపాయి అరవై చూస్తేనే ఒళ్లు మండుతుంది.

ఆ 32 కట్టక్కర్లేదు. హోటళ్లు సర్వీస్ చార్జిని తమంతట తామే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. వేరే పేరు పెట్టి వసూలు చేయకూడదు, ఇవ్వనంటే లోపలికి రానివ్వకపోవడం కుదరదు, దాన్ని బిల్లులో కలిపి ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు అని కూడా అందులో ఉంది. హోటళ్ల సంఘాలు కోర్టుకి వెళ్లాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పు చెప్పింది. కాబట్టి డబ్బు కట్టకముందే "ఈ లైను తీసేసి బిల్లు ఇవ్వండి" అంటే చాలు. గొంతు పెంచాల్సిన పని లేదు. నేను చూసినంతలో పదిమందిలో తొమ్మిదిమంది మేనేజర్లు మారుమాట లేకుండా తీసేస్తారు.

ఎందుకు తీసేస్తారో నాకు తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు అట్లాంటి లైను నేనూ రాశాను.

మా కొట్లో ప్రతి బిల్లు అడుగున "ప్యాకింగ్ 15" అని రాయమని షావుకారు చెప్పాడు. రాశాను. ఎన్నేళ్లో గుర్తులేదు. ఒకరోజు చంద్రగిరి వైపు నుంచి ఒక పెద్దావిడ మనవణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది, ఇంట్లో పెళ్లికి సరుకులు కావాలని. గోనెసంచులు వాళ్లే తెచ్చుకున్నారు. సరుకు నింపి మూతి కుట్టింది కూడా ఆ పిల్లోడే. డబ్బు లెక్కపెడుతూ ఆవిడ బిల్లు ఎవరిచేతో చదివించుకుంది. నా వైపు తిరిగి, "సంచి నాది, కట్టింది నా మనవడు. ఈ పదైదు ఎవురికి నాయనా?" అనింది. నాకు నోట మాట రాలేదు. షావుకారు వైపు చూశాను. ఆయన తల కూడా ఎత్తకుండా, "అడిగినోళ్లకి కొట్టేయ్" అన్నాడు. ఎర్ర పెన్నుతో కొట్టేశాను. ఆవిడ తర్వాత వచ్చినాయనకి మళ్లీ రాశాను.

ఈ రుసుముల్లో సగానికి సగం బతికేది ఆ ఒక్క సూత్రం మీదే. అడగరు అన్న ధీమాతోనే ఆ లైను పుడుతుంది. అందుకే మీరు పిసినారా అన్న ప్రశ్నకి నేనిచ్చే జవాబు, ఆ పెద్దావిడ పిసినారి అని మీకు అనిపిస్తే మీరూ పిసినారే.

అడ్డంగా ఒక మాట. మన ఊళ్లో ఉంటూ ఇది గమనించనివాళ్లు ఉండరు. కొండమీద హుండీలో వెయ్యి రూపాయలు కళ్లు మూసుకొని వేసి దండం పెట్టుకున్న మనిషే కిందికి దిగొచ్చాక ఆటోవాడు పది ఎక్కువ అడిగితే నడిరోడ్డు మీద తగువు పడతాడు. బయటూరివాళ్లు చూసి నవ్వుతారు. నాకైతే అందులో వింతేమీ కనిపించదు. వెయ్యి తను ఇచ్చాడు. పది తన దగ్గర తీసుకుంటున్నారు. మీ నోట్‌బుక్‌లో మిమ్మల్ని గుచ్చుతున్నదీ ఇదే. పాప పుట్టినరోజున వడ్డించిన కుర్రాడికి మీ అంతట మీరే యాభై చేతిలో పెట్టి ఉంటే అది రాత్రికి గుర్తుకూడా ఉండేది కాదు.

ఇక మీ జాబితా. అన్నీ ఒకే రకం కావు, అన్నింటిమీదా ఒకే కోపం పెట్టుకుంటే ఒంటికి మంచిది కాదు.

పాల ప్యాకెట్ మీద రూపాయి, బస్టాండు దగ్గర నీళ్ల సీసాకి "కూలింగ్" అని ఐదు, ఇవి చట్టవిరుద్ధం. ప్యాకెట్ మీద అచ్చేసిన ఎమ్మార్పీలోనే అన్ని పన్నులూ కలిసి ఉంటాయి. అంతకు మించి అమ్మకూడదని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. ఫ్రిజ్ కరెంటు ఖర్చు కొట్టువాడిది, మనది కాదు. ఒక్క మెలిక ఉంది. హోటల్లో కూర్చొని తాగే నీళ్ల సీసాకి ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, అక్కడ సీసాతో పాటు కుర్చీ, ఫ్యాను, వడ్డన కూడా ఇస్తున్నారు కాబట్టి. కొట్లో నిలబడి కొనుక్కునేదానికి ఆ వెసులుబాటు లేదు. అలాగే తెల్లారి ఐదింటికి మీ గుమ్మం ముందు పెట్టిపోయే పాలబ్బాయికి నెలకింత అని మీరు ఒప్పుకొని ఇచ్చేది వేరు, అది అతని కష్టానికి కూలి. కొట్లో రూపాయి గురించి ఏం చేయాలి? నాకైతే సందు చివర కొట్టాయనతో యుద్ధం చేయాలనిపించదు. పాల మీద వాళ్లకి మిగిలేది తక్కువే. కానీ "అన్నా, ఎమ్మార్పీకే ఇవ్వు, నెలంతా నీ దగ్గరే తీసుకుంటా" అని ఒకసారి అనండి. ససేమిరా అంటే తూనికలు కొలతల శాఖ ఉంది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 1915లో తెలుగులోనే మాట్లాడొచ్చు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా.

గ్యాస్ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఉత్తరాల్లో ఎక్కువగా వచ్చేది ఇదే. టౌన్‌లో ఉన్న ఇంటికి బిల్లు మీద రాసిన ధరలోనే ఇంటికి తెచ్చి ఇవ్వడం కలిసి ఉంటుంది. మీరే గోడౌన్‌కి వెళ్లి తెచ్చుకుంటే ఆ మేరకు కొంత తగ్గించి ఇవ్వాలి కూడా. కాబట్టి యాభై "రేటు" కాదు. దీపం పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వచ్చే ఇళ్లలోనూ ఇదే బాధ. సర్కారు భరించేది బిల్లు ధర వరకే, ఈ యాభై జేబులోంచే పోతుంది.

అంతవరకూ చట్టం. ఇప్పుడు మనిషి సంగతి. నిండు సిలిండర్ అంటే గ్యాస్ 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే దాదాపు ముప్పై కిలోలు. ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి దాన్ని భుజాన వేసుకొని మీ మెట్లెక్కే కుర్రాడి మీద చట్టం చదివితే మీకూ బాగుండదు, అతనికీ బాగుండదు. నేనేం చేస్తానంటే, ముందు తూకం వేసి చూపించమంటాను. అడిగితే తూచి చూపించాలి, అది మన హక్కు. సీలు చూస్తాను. బిల్లు తీసుకొని బిల్లు మీదున్నంత ఇస్తాను, వీలైతే ఫోన్లోనే ముందుగా కట్టేస్తాను. అప్పుడు చిల్లర లేదనే మాట రాదు. ఆ తర్వాత మజ్జిగ ఇస్తాను, చేతిలో ఇరవై పెడతాను. ఎప్పుడైనా నా దగ్గర లేకపోతే పెట్టను. "అందరూ యాభై ఇస్తారు సార్" అంటే, "అది మీ ఏజెన్సీ వాళ్లని అడగబ్బా, నేను కూడా ఫోన్ చేసి అడుగుతా" అంటాను. అడుగుతాను కూడా. ఏజెన్సీ పలక్కపోతే 18002333555 ఉంది, గ్యాస్ కంపెనీల ఫిర్యాదులకి టోల్‌ఫ్రీ నంబరు. 1906కి చేయకండి, అది గ్యాస్ లీకైనప్పుడు చేయాల్సింది.

టిఫిన్ పార్సిల్‌కి పది రూపాయలు చట్టవిరుద్ధం అనలేం. డబ్బాకి, చట్నీ కవర్లకి ఖర్చవుతుంది. బోర్డు మీద రాసి ఉంటే, ముందే చెబితే, అది ధరలో భాగం. నాలుగు ఇడ్లీ పార్సిల్‌కి పది, ఆరు దోసెలకి కూడా పదేనా, ఒక్కోదానికి పదా అని ముందే అడగండి. ఇంటి నుంచి స్టీలు క్యారియర్ తీసుకెళ్తే చాలామంది వేయరు. సాంబారు కూడా కొంచెం ఎక్కువే పోస్తారు, పైగా వేడి సాంబారు ప్లాస్టిక్ కవర్లో పోయించుకునే బాధ తప్పుతుంది. పెద్ద షాపుల్లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర సంచికి డబ్బులడిగే పద్ధతి మాత్రం వేరే. సరుకు ఏరుకొని చేతులు నిండా పట్టుకున్నాక, చివర్లో సంచి రేటు చెప్పడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్ తేల్చింది.

చిన్న హోటళ్లలో ఇంకోటి చూడండి. బిల్లులో జీఎస్టీ అని వేస్తే, ఆ కాగితం మీదే జీఎస్టీ నంబరు ఉండాలి. పదిహేను అక్షరాలు, అంకెలు. మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. నంబరు లేకుండా పన్ను వేస్తే ఆ పన్ను ప్రభుత్వానికి పోతోందని నమ్మడానికి ఆధారమే లేదు. నంబరు ఉన్నవాళ్లలోనూ కాంపొజిషన్ పద్ధతిలో, అంటే చిన్న వ్యాపారులకిచ్చే సులువు పన్ను ఏర్పాటులో, ఉన్నవాళ్లు కస్టమర్ దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు, తమ జేబులోంచే కట్టాలి. ఆ నంబరుని జీఎస్టీ వెబ్‌సైట్లో కొడితే ఏ పద్ధతో అర నిమిషంలో కనిపిస్తుంది. మీ పాపకి చూపించండి, పెద్దయ్యాక పనికొస్తుంది.

కార్డు మీద రెండు శాతం. డెబిట్ కార్డు అయితే ఇవ్వకండి. కార్డు మిషన్‌కి అయ్యే ఖర్చుని కస్టమర్ మీద వేయకుండా చూడాల్సిన బాధ్యత రిజర్వ్ బ్యాంకు 2018 జనవరి నుంచి బ్యాంకుల మీదే పెట్టింది. అసలు మీకు కార్డు గొడవెందుకు? క్యూఆర్ స్కాన్ చేసి యూపీఐలో బ్యాంకు ఖాతా నుంచి కట్టేయండి. 2020 జనవరి నుంచి దానికి, రూపే డెబిట్ కార్డుకి కొట్టువాడి దగ్గర కూడా చార్జి తీసుకోవడం లేదు. అతనికే లేని ఖర్చు మీ మీద వేయడానికి సాకు ఉండదు.

ఏటీఎం మీరు రాయలేదు గానీ, ఆస్పత్రి పనుల మీద మద్రాసు వెళ్లొచ్చేవాళ్లు మన ఊళ్లో ఎక్కువ కాబట్టి చెబుతున్నా. వేరే బ్యాంకు ఏటీఎంలో నెలకి తిరుపతిలాంటి ఊళ్లలో ఐదుసార్లు ఉచితం, చెన్నైలాంటి మహానగరంలో మూడుసార్లే. బ్యాలెన్స్ చూసుకోవడం కూడా లెక్కలోకి వస్తుంది. అది దాటితే 2025 మే నుంచి ప్రతిసారీ 23 రూపాయల దాకా, దానిమీద పన్ను.

రైలు టికెట్ ఫీజు చట్టబద్ధమే, ఎగ్గొట్టలేరు, తగ్గించుకోగలరు. ఆన్‌లైన్లో యూపీఐతో కడితే నాన్ ఏసీకి 10, ఏసీకి 20. మిగతా పద్ధతుల్లో 15, 30. పైన జీఎస్టీ. ఇది మనిషికి కాదు, టికెట్‌కి. ఒక టికెట్ మీద ఆరుగురి దాకా చేయించొచ్చు కాబట్టి మీ నలుగురికీ కలిపి ఒకటే చేయించండి. స్టేషన్లో రిజర్వేషన్ కౌంటర్ దగ్గర ఈ ఫీజే లేదు, క్యూ ఉంది. రెండింట్లో మీకు ఏది చవకో మీ కుట్టుపని గంటకి ఎంత వస్తుందో చూసుకొని తేల్చుకోండి. ఫుడ్ యాప్‌లదీ అంతే. ప్లాట్‌ఫామ్ ఫీజు అని 2023లో రెండు రూపాయలతో మొదలుపెట్టారు, అప్పుడు రెండే కదా అని ఎవరం పట్టించుకోలేదు. ఇప్పుడది పది దాటింది. కొర్లగుంటలో ఉన్న మనిషి దోసెకి యాప్ తెరవడం ఎందుకో నాకు అర్థం కాదు గానీ, అది మీ ఇష్టం.

కరెంటు బిల్లు దగ్గర మాత్రం "ఈ లైను తీసేయండి" అనడం కుదరదు. మీరు రాసిన నాలుగు లైన్లు ఇవి. స్థిర చార్జి, ఇంటి లోడు కిలోవాట్‌కి పది రూపాయల లెక్క. కస్టమర్ చార్జి, వాడకం శ్లాబుని బట్టి. విద్యుత్ సుంకం, యూనిట్‌కి ఆరు పైసలు, ఇది ప్రభుత్వానిది. నాలుగోది ఎఫ్‌పీపీసీఏ అని నోరు తిరగని పేరుతో ఉంటుంది. అసలు మంట పెట్టేది అదే. విద్యుత్ సంస్థ ఏడాది మొదట్లో వేసుకున్న అంచనా కంటే బొగ్గుకో, బయట కొన్న కరెంటుకో ఎక్కువ ఖర్చయితే, ఆ తేడాని తర్వాత మన దగ్గర రాబట్టుకునే పద్ధతి. యూనిట్‌కి 40 పైసల దాకా నెలనెలా నేరుగా వేసుకోవచ్చు. 200 యూనిట్లు కాలిస్తే 80 రూపాయలు. అది కాక పాత బాకీలు. 2022-23లో వాడిన కరెంటు తాలూకు తేడాని 2024 డిసెంబరు నుంచి వాయిదాల్లో వసూలు చేశారు. అప్పుడా ఇంట్లో అద్దెకున్నవాళ్లు వేరైనా, బిల్లు మాత్రం ఇప్పుడున్నవాళ్ల నెత్తిన పడింది. మీది అద్దె ఇల్లయితే మీ కోపం న్యాయమైనదే.

చేయగలిగింది రెండు. బిల్లు మీద మీ లోడు ఎన్ని కిలోవాట్లని రాసి ఉందో, మీటరు రీడింగు సరిగా ఎక్కిందో చూడండి. తేడా ఉంటే 1912, అక్కడ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల వేదిక. ఇందులో మనది అదృష్టమే, దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయమే తిరుపతిలో ఉంది, ఆ వేదికా ఇక్కడే ఉంది. నెల్లూరువాళ్లు బస్సెక్కి రావాలి, మీరు ఆటో ఎక్కితే చాలు. రెండోది, చార్జీలు ఖరారు చేసేముందు విద్యుత్ నియంత్రణ మండలి ఏటా ప్రజల అభ్యంతరాలు అడుగుతుంది. కాగితం మీద రాసి ఎవరైనా పంపొచ్చు. నేను ఒకసారి పంపాను. చార్జి తగ్గలేదు. మా ఇంటికి జవాబు మాత్రం వచ్చింది, దాన్ని దాచుకున్నాను.

మీ ఆయన విషయం. ఆయన మీద నాకు కోపం లేదు. పాప కేకు ముందు కూర్చొని ఉండగా మేనేజర్‌తో మాటామాటా పెరుగుతుందేమోనని ఆయన భయం. మగవాళ్లం చాలామందిమి ఇంతే, జేబులో డబ్బున్నట్టు కనిపించడానికి జేబులోంచి డబ్బు పోగొట్టుకుంటాం. ఈసారి హోటల్‌కి వెళ్లినప్పుడు మెనూ కార్డు చేతికొచ్చినప్పుడే, ఆర్డర్ చెప్పకముందే, "సర్వీస్ చార్జి వేస్తారా?" అని నవ్వుతూ అడగమనండి. మీరు కాదు, ఆయనే అడగాలి. తిన్నాక అడిగితే తగువులా ఉంటుంది, తినకముందు అడిగితే దోసెలో నెయ్యి వేస్తారా అని అడిగినట్టే ఉంటుంది. మీ నోట్‌బుక్ కూడా ఆయనకి ఒకసారి చూపించండి. ఒక్క నెల, ఈ పైచిల్లర అంతా వేరే పేజీలో రాసి, అడుగున కూడి పెట్టండి. ఏమీ అనకండి, పేజీ తెరిచి టీ పక్కన పెట్టండి.

ఆ 706 రూపాయల బిల్లు పారేయకండి. హోటల్‌కి ఫోన్ చేసి సర్వీస్ చార్జి, దానిమీద పన్ను వెనక్కి ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే బిల్లు దగ్గర పెట్టుకొని 1915కి చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలన్నా ఐదు లక్షల లోపు వ్యవహారాలకి ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. కానీ 33 రూపాయల 60 పైసలకి అంతదూరం వెళ్లమని నేను చెప్పను, మీ కుట్టుపని పాడవుతుంది. ఫోన్ చేసి, ఏమన్నారో నాకు రాయండి.